ఏడుపు వింటే మేలుకునే పెట్టె

పోయిన వారం డైరెక్టరును మెట్ల మీదా, ఎడిటరమ్మను కుర్చీలోనూ వదిలేసి వచ్చాం. అతను మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "ఐదో భాగం మాత్రం ముట్టుకోకు, అది నేను చూసుకుంటాను," అన్నాడు. వద్దన్న చోట వేలు పెట్టకుండా ఉండగలిగిన మనిషయితే ఆమె ఎడిటరెందుకవుతుంది? బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఓపిక పట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఒకే ఎడిటింగు గదిలో పోట్లాడుకుంటూ పోట్లాడుకుంటూ పెళ్ళిదాకా వచ్చారు. తీస్తున్న సినిమాలో పాటలూ ఫైట్లూ లేవు. మన ఫోన్లూ, చేతి గడియారాలూ, అల్మారా మీద కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పే పలుకు పెట్టెలూ మన గురించి ఏమేం పోగేస్తున్నాయో, ఎవరికి మోసుకెళ్తున్నాయో చెప్పే సినిమా అది. ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. ఈ సాయంత్రంలోగా పంపితే శనివారం పెద్ద తెర మీద పడుతుంది.

రెండో ముక్క రాయడానికి నాకే చేతులు రావడం లేదు. ఏడాది కిందట వీళ్ళకో కొడుకు పుట్టాడు. నెలలు నిండకుండా, హడావిడిగా, ఆమె మత్తులో ఉండగా. డైరెక్టరు ఎక్కడో షూటింగులో ఉన్నాడు. ఆమెకు మెలకువ వచ్చేసరికి పక్కన అత్తగారొక్కరే ఉన్నారు. "ప్రాణం లేకుండానే పుట్టాడమ్మా," అన్నారు. అప్పటికే అంతా అయిపోయింది.

అత్తగారు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ముప్పై ఏళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. ముందు నిలబడ్డవాడు పెళ్ళికెళ్తున్నా, చావుకెళ్తున్నా ఆవిడ గొంతు ఒకటే: "ఎక్కడికి? ఎంతమంది?" ఇంట్లో కూడా ఆవిడ తీరు అంతే. వారం తిరక్కుండానే ఉయ్యాలను ఎవరికో ఇచ్చేశారు. చిన్నగదికి తాళం వేశారు. కంట తడి పెట్టగా చూసినవాళ్ళు లేరు. "మీకసలు గుండె ఉందా అత్తయ్యా?" అని ఎడిటరమ్మ అడిగేసింది ఒకరోజు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య ఉప్పు ఉందా, గ్యాసు వచ్చిందా అన్న మాటలే తప్ప వేరే మాటల్లేవు.

ఇక హెడ్‌ఫోన్ల దగ్గరికి వద్దాం.

ఐదో భాగం ఇన్నాళ్ళూ ఆమె చెవిన పడలేదు. "పసిపిల్లల విషయం ఉంది, నీకు కష్టంగా ఉంటుంది, వద్దు," అని డైరెక్టరు దాన్ని తన దగ్గరే పెట్టుకున్నాడు. తన మీద ప్రేమ కొద్దీ అనుకుంది. ఆ భాగంలో ఏముందో మాత్రం తెలుసు. పలుకు పెట్టెల కంపెనీలో పని మానేసి వచ్చిన ఒక కుర్రాడి కథ అది. అందరూ అతన్ని వినేవాడు అంటారు. ఆ పెట్టెల్ని పిల్లల గదిలో పెట్టుకుంటే ఏడుపు వినగానే మేలుకుని, హాల్లో ఉన్నవాళ్ళను పిలుస్తాయి. ఒక్కోసారి ఏడుపు కానిదానికి కూడా మేలుకుంటాయి. అలా మేలుకున్నప్పుడు పట్టుకున్న శబ్దాలన్నీ కంపెనీకి చేరతాయి. వాటిని విని, "ఇది పసిపిల్ల ఏడుపు", "ఇది కాదు" అని గుర్తు పెట్టడమే వినేవాడి ఉద్యోగం. రోజంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు విని విని, తిండి సయించక మానేశాడు. వస్తూ వస్తూ కొన్ని ముక్కలు పట్టుకొచ్చి డైరెక్టరు చేతిలో పెట్టాడు. "పేర్లు లేవు, అడ్రసులు లేవు. గొంతులు మాత్రం మీరు మార్చుకోండి," అన్నాడు.

గొంతులు మార్చింది సౌండు బాబాయి. ఆయనకో పట్టింపు ఉంది. ఏ గదిలో షూటింగు జరిగినా, అంతా అయ్యాక అందర్నీ బొమ్మల్లా నిలబెట్టి కాసేపు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాడు. ఎవడైనా దగ్గితే మళ్ళీ మొదటికొస్తాడు. "నిశ్శబ్దాలన్నీ ఒకటి కావర్రా. ఈ గది గొంతును తీసుకెళ్ళి ఆ గది నిశ్శబ్దంలో పెడితే పీనుగ మాట్లాడినట్టుంటుంది," అంటాడు. అందుకే ఈ ముక్కలో కూడా మాటను, గదిని విడదీసి, మాటను మాత్రం మార్చి, గదిని ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కింద పరిచాడు. పనిమంతుడు కాబట్టే చేసిన పొరపాటు.

ఎడిటరమ్మకు మొదట ఆ గదే వినిపించింది.

గోడ అవతల కుట్టుమిషను పరిగెత్తి, ఆగి, మళ్ళీ పరిగెత్తింది. పై వాటా వాళ్ళు కొళాయి తిప్పినట్టున్నారు, గోడలో గొట్టం ఒకసారి మూలిగింది. కుట్టుమిషన్లు ఎన్ని ఇళ్ళ పక్కన ఉండవు, గొట్టాలు ఏ గోడలో మూలగవు అని ఆమె తనకు తానే సర్ది చెప్పుకుంటోంది. అంతలో కిటికీ గడియ కదిలింది. ఖణేలుమని కాదు, మెత్తగా, టప్ టప్ మని.

గాలికి ఆ గడియ చప్పుడు చేస్తే బిడ్డ ఉలిక్కిపడి లేస్తాడని, ఏడో నెలలో స్టూలెక్కి పాత దిండు గలీబు ముక్క చింపి దానికి చుట్టింది తనే. ఆ పొట్టేసుకుని స్టూలెక్కుతావా అని డైరెక్టరు కేకలేశాడు కూడా. అది తమ చిన్నగది.

తర్వాత ఆడో మగో తెలియకుండా మార్చేసిన గొంతు వచ్చింది.

"ఏం చేస్తున్నావురా చిన్నోడా... మీ అమ్మ ఇప్పుడే పనికెళ్ళింది. తినకుండానే వెళ్ళింది. చెబితే వింటుందా..." కాసేపు ఏమీ లేదు. ఆపైన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "దాని ముందు నేను ఏడవలేను నాన్నా. నేను కూడా కూలబడితే దాన్ని నిలబెట్టేదెవరు? అందుకే నీ దగ్గరికొస్తున్నా. కాసేపు ఏడ్చి వెళ్ళిపోతా. ఏమనుకోకు."

ఆ తర్వాత ఏడుపు. గొంతునయితే మార్చగలిగాడు గానీ ఏడుపును ఏం చేయాలో బాబాయికి కూడా తెలిసినట్టు లేదు. అది అచ్చంగా మనిషి ఏడుపే. అక్కడ ముక్క అయిపోయి, తెర మీద వినేవాడి వేళ్ళు కనిపించాయి. "ఇలాంటివాటికి మేం పసిపిల్ల ఏడుపు కాదు అని గుర్తు పెట్టి పక్కన పడేసేవాళ్ళం," అంటున్నాడు.

ఎడిటరమ్మ మళ్ళీ మొదటి నుంచి విన్నది. మళ్ళీ విన్నది. ఏడాదిగా తను రాయి అనుకున్న మనిషి, తను గుమ్మం దాటగానే తాళం తీసుకుని ఆ గదిలోకి వెళ్తోంది. బిడ్డ ఏడుపు వినడానికని పెట్టిన పెట్టెను ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అది ఆవిడ ఏడుస్తుంటే మేలుకుంటోంది.

డైరెక్టరు రెండు టీ కప్పులతో వచ్చాడు. ఆమె మొహం చూడగానే కప్పులు బల్ల మీద పెట్టాడు.

"ముట్టుకోవద్దన్నానా?"

"ముట్టుకోలేదు. విన్నాను. నువ్వు చేసిందీ అదేగా."

అతను తలుపు దగ్గరికేశాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"ఆ కుర్రాడు తెచ్చి ఇచ్చినరోజే. అప్పటికింకా గొంతు మార్చలేదు. కన్నతల్లి గొంతు గుర్తుపట్టలేనా?"

"గుర్తుపట్టి ఏం చేశావు? తీసుకొచ్చి సినిమాలో పెట్టావు."

"అరవకు, విను." అతను కుర్చీ లాక్కున్నాడు. "సినిమా మొత్తం పెద్దమనుషులు కూర్చుని మాట్లాడతారు. అన్ని కోట్ల మంది, ఇన్ని కోట్ల మంది అంటారు. జనం బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి అదే పెట్టెను పాట పెట్టమని అడుగుతారు. ఈ ఒక్కచోట మాత్రం ఎవడూ తలూపలేడు. ముందుగా చూసిన ప్రతివాడూ ఇక్కడే ఏడ్చాడు."

"ఏడిపించడానికి మీ అమ్మే దొరికిందా?"

"పేరు లేదు, ఊరు లేదు. గొంతు కూడా మార్చాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది. గొంతు మార్చారు గానీ గది మార్చలేదు. ఆ గడియకి గుడ్డ చుట్టింది నేను."

ఆమె అక్కడితో ఆపలేదు.

"రెండో భాగంలో టై కట్టుకున్నాయన ఒకడున్నాడు చూడు. పేర్లు తీసేశాం, ఇంకెవరికేం నష్టం అంటాడు. ఆ మాట దగ్గర నువ్వే కట్ చేయించావు నాతో. వీడి సిగ్గులేనితనం జనానికి కనపడాలి, ఇంకో రెండు సెకన్లు మొహం మీదే ఉంచు అన్నావు. ఇప్పుడా మొహం నీకు సరిగ్గా అతికింది."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. డైరెక్టరు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. మీసాల మధ్య తెల్లవెంట్రుకలు ఈ ఏడాదిలో వచ్చినవే. మళ్ళీ నోరు విప్పినప్పుడు డైరెక్టరు గొంతు కాదది.

"ఆ గదిలోకి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేకపోయాను. వాడు పోయినరోజు కూడా ఊళ్ళో లేను. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ ఏడవలేదు తెలుసా? ఏడుపంటే ఆవిడకు రాదనుకున్నాను. ఇది విన్నాక... రోజూ వింటున్నాను. నువ్వు ఇంటికెళ్ళాక ఇక్కడ కూర్చుని వింటున్నాను. నాకు ఆ గదిలోకి వెళ్ళడానికి వేరే దారి లేదు."

ఆమెకు ఒక్క క్షణం అతని తల మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. జాలి, కోపం రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఉన్నవి రెండు చేతులే అయినా ఏ చెయ్యీ కదలదు.

"అసలుది చాలా పెద్దది," అన్నాడు అతను. "సినిమాలో పెట్టింది కొసరంత. మిగతాదాంట్లో నీ గురించి ఉంది. ఆ రోజు గురించి ఉంది. నీకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నోరు రాలేదు. నువ్వే విను. విన్నాక తీసేయమంటే తీసేస్తాను."

కంప్యూటరు మీద దాన్ని తెరిచాడు. గీతలు గీతలుగా తెర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుంది. ఎత్తుగా ఉన్నచోట ఏడుపు, సన్నగా ఉన్నచోట మాటలు, అసలేమీ లేనిచోట ఆ గది. ఆ రోజు తను మత్తులో పడి ఉండగా ఏం జరిగిందో అందులో ఎక్కడో ఉంది. వేలు కదిపితే చాలు. వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంది, ఆ మాట దాచను.

"మీ అమ్మను అడిగావా?"

"ఏమని అడగను? నీ ఏడుపు నా దగ్గరుందమ్మా అని అడగనా?"

"నువ్వు అడగలేకపోతే నేనడుగుతా." హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఫోన్ చేసేదాకా పంపకు."

"సాయంత్రంతో గడువు అయిపోతుంది. అది తీసేస్తే ఐదో భాగం లేదు. ఐదో భాగం లేకపోతే సినిమా లేదు."

"శనివారం మీ అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. కొడుకు సినిమా అని కొత్త చీర బయటికి తీసి పెట్టుకుంది. హాలు నిండా జనం మధ్య కూర్చుని ఆ గడియ చప్పుడు వింటుంది. ఆలోచించుకో."

మెట్ల దగ్గర సౌండు బాబాయి ఎదురయ్యాడు. ఈ మధ్య ఆయన ఆమెకు మొహం చాటేస్తున్నాడు. రోజూ ఆమె పక్కన కూర్చుని టీ తాగే మనిషి, కప్పు పట్టుకుని బాల్కనీలోకి పోతున్నాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"మీరు మొత్తం విన్నారా బాబాయ్?"

ఆయన తల దించుకున్నాడు. "గొంతు మార్చాలంటే వినాలి కదమ్మా," అన్నాడు.

ఇంట్లో అత్తగారు సోఫా నిండా ఆరిన బట్టలు పోసుకుని మడత పెడుతున్నారు. కోడలు వేళ కాని వేళ రావడం చూసి గడియారం వైపు చూశారు గానీ, ఎందుకొచ్చావని అడగలేదు. ఎడిటరమ్మ ఎదురుగా కూర్చుని ఒక తువ్వాలు తీసుకుంది. మడత పెట్టింది. విప్పి మళ్ళీ పెట్టింది.

"అత్తయ్యా, నేను వెళ్ళాక మీరు చిన్నగదిలోకి వెళ్తారా?"

అత్తగారి చేతిలో కొడుకు చొక్కా ఉంది. ఒక చెయ్యి మడిచింది, రెండో చెయ్యి అలాగే వేలాడుతోంది.

"ఎవరు చెప్పారు?"

"ఆ గదిలో పలుకు పెట్టె ఉంది కదా. ఏడుపు వింటే మేలుకోవాలని మీ అబ్బాయి పెట్టాడు. ఎవరూ తీయలేదు."

ఆవిడకు కాసేపు ఏమీ అర్థమైనట్టు లేదు. ఎడిటరమ్మ మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటిగా చెప్పింది. పెట్టె ఎలా మేలుకుంటుందో, విన్నది ఎక్కడికి పోతుందో, వినేవాడు ఏం తెచ్చాడో, సినిమాలో ఏముందో. చెబుతున్నకొద్దీ అత్తగారు చేతిలో ఉన్న చొక్కాను ఒంటికి దగ్గరగా లాక్కున్నారు. స్నానం చేస్తుంటే ఎవరో తలుపు తీసినట్టు లాక్కున్నారు.

"ఎంతమంది?" అన్నారు ఆవిడ. అదే టికెట్ల కిటికీ గొంతు.

"కంపెనీలో ఆ కుర్రాడు. మీ అబ్బాయి. బాబాయి. ఇంకా సినిమా ముందుగా చూపించినవాళ్ళు... వాళ్ళు కొంచెమే విన్నారు."

"వాడు ఎప్పుడు విన్నాడు?"

"చాలా రోజులైందట."

"అంటే, విని ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, నేను వడ్డించింది తిన్నాడు. ఇంకొంచెం పెట్టమ్మా అన్నాడు. ఇన్నాళ్ళూ." ఆవిడ చొక్కాను సోఫా మీద పెట్టారు. మడత పెట్టలేదు. "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఆ గదిలో వాడికి కూడా చోటు ఇచ్చేదాన్ని కదే."

ఏడాదిలో ఆవిడ కోడలిని "ఏమే" అన్నంత చనువుగా పలకరించడం అదే మొదలు.

"నువ్వు మొత్తం విన్నావా?"

"లేదత్తయ్యా. సినిమాలో ఉన్నంతే విన్నాను. మిగతాది వినిపిస్తానన్నాడు. ఆ రోజు సంగతి అందులో ఉందన్నాడు. వద్దన్నాను."

"ఎందుకు వద్దన్నావు?"

"మీరు చెబితే వింటాను. లేకపోతే వద్దు."

అత్తగారు లేచి, పౌడరు డబ్బా వెనక నుంచి తాళంచెవి తీశారు. ఇద్దరూ కలిసి ఆ గది గుమ్మం దాటడం బిడ్డ పోయాక అదే మొదటిసారి. లోపల దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్న గది అది. ఉయ్యాల ఉండాల్సిన చోట ఒక చిన్న పీట, దాని మీద సగం అల్లిన పసుపు ఊలు టోపీ. అల్మారా మీద పెట్టె, దాని నుదుట చిన్న లైటు. ఎడిటరమ్మ వెళ్ళి ప్లగ్గు పీకేసింది. లైటు ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"కూర్చో," అన్నారు అత్తగారు.

ఆమె నేల మీద కూర్చుంది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో పక్కనే చతికిలబడ్డారు. గోడ అవతల కుట్టుమిషను పరిగెత్తి ఆగింది.

"వాడు చచ్చి పుట్టలేదే అమ్మాయ్."

ఎడిటరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"పుట్టాక ఏడ్చాడు. గట్టిగా కాదు. పిల్లికూన అన్నట్టు అన్నాడు. డాక్టరమ్మ చూసి, లాభం లేదండీ, ఊపిరితిత్తులు ఇంకా పెరగలేదు, ఉన్నంతసేపు ఎత్తుకోండి అంది. ఎత్తుకున్నాను. కిటికీలో ఎండ గోడ మీద నుంచి నేల మీదికి వచ్చేదాకా ఉన్నాడు నా ఒళ్ళో. నీ వేళ్ళే, అచ్చం నీ పొడుగు వేళ్ళు. నా బొటనవేలు పట్టుకున్నాడు."

"నన్నెందుకు..." అంది ఎడిటరమ్మ. మాట పూర్తి కాలేదు.

"లేపాను. చెంపల మీద కొట్టాను. కళ్ళు తెరిచి మళ్ళీ మూసేశావు. మత్తు ఎక్కువ ఇచ్చాం, లేవదన్నారు వాళ్ళు. వాణ్ణి తెచ్చి నీ చెయ్యి మీద పడుకోబెట్టాను కాసేపు. నీకు తెలియదు." ఆవిడ పసుపు టోపీని ఒళ్ళోకి తీసుకున్నారు. "నువ్వు లేచాక డాక్టరమ్మ చెప్పబోయింది. నేనే ఆవిడ చేతులు పట్టుకున్నాను. కొడుకు బతికున్నంతసేపూ నేను నిద్రపోయాను అనుకుంటూ బతుకంతా కుళ్ళిపోతావని భయపడ్డాను. అంతకంటే నన్ను రాయనుకోవడమే నయం అనుకున్నా. తప్పయితే నీ ఇష్టం, ఎలాగైనా తిట్టు."

ఎడిటరమ్మ తిట్టలేదు. తన కుడిచేతిని తనే ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. ఈ చెయ్యి మీదా? ఈ చెయ్యి మీదేనా? ఆ తర్వాత ఆ చేతి మీద తల పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు ఆమెను దగ్గరికి లాక్కుని, ఎవరి కోసమూ దాచకుండా, గొంతెత్తి ఏడ్చారు. పెట్టె మేలుకోలేదు.

హాల్లో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఎడిటరమ్మ లేచి వెళ్ళి తెచ్చింది. అతనే.

"నేను నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"ముందు నేనడిగేది చెప్పు. వాడు ఏడ్చాడని నీకు తెలుసు కదూ?"

అటు నుంచి ఎడిటింగు గది ఏసీ రొద, ఒక చక్రం ఊడిన ఆమె కుర్చీ కిర్రుమనడం వినిపించాయి. ఆ నిశ్శబ్దాన్ని కూడా ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. తన కొడుకు ఏడ్చాడని కంపెనీలో ముక్కూమొహం తెలియని కుర్రాడికి తెలుసు. మొగుడికి తెలుసు. సౌండు బాబాయికి తెలుసు. అందరికీ తెలిశాక, చిట్టచివర కన్నతల్లి వంతు వచ్చింది.

"ఇలా ఇవ్వు," అని అత్తగారు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నారు. ముక్కు తుడుచుకుని, గొంతు సర్దుకున్నారు. "ఒరేయ్, నేను. ఆ సినిమా ఎక్కడికీ పంపకు. మేమిద్దరం వస్తున్నాం అక్కడికి. అందులో ఏముందో ముందు దీనికి వినిపించు, నా ముందే. తీయాలో ఉంచాలో ఇది చెబుతుంది. సరేనా?"



"అమ్మా... నీ కోడలు వెళ్ళిపోగానే, వద్దంటుందేమోనని భయమేసింది. పంపేశానమ్మా."

అత్తగారు ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. ఎండ కిటికీలోంచి దిగి పీట మీదికి వచ్చింది. ముప్పై ఏళ్ళు కిటికీ వెనక కూర్చుని అడిగిన మాటే ఆవిడ నోట వచ్చింది, కానీ గొంతు ఆనాటిది కాదు.

"ఎక్కడికిరా? ఎంతమందికి?"